చలికాలపు ఓడ ఎవరిది?

వెళ్లమనేవారు: గ్రీకు దీవులనగానే జూలై, ఆగస్టు అని ఎవరు రాసిపెట్టారండీ? తెల్ల గోడ, నీలి గుమ్మటం, మండే ఎండ, అంతా కేలండర్ బొమ్మ. ఆ దేశంలో మనుషులుండే దీవులు రెండు వందలకు పైనే. అక్కడ పిల్లలు బడికెళ్లేదీ, ఆలివ్ కాయలు దులిపేదీ, కొత్త రాకీ సారాకు బట్టీ పెట్టేదీ అక్టోబరు దగ్గర్నుంచే. వేసవిలో దీవి ఉద్యోగానికి వెళ్తుంది, చలికాలంలో ఇంటికొస్తుంది. మనిషిని ఆఫీసు కౌంటర్లో చూసి, తెలిసినవాడే అంటే ఎలా?

ఇదేమీ కొత్త మాట కాదు. కాలిమ్నోస్ దీవి మగవాళ్లు స్పాంజీల వేటకు ఈస్టర్ పండగ అయ్యాక బయల్దేరేవారు. ఆఫ్రికా ఉత్తర తీరం దాకా పోయి, మళ్లీ శరత్కాలంలోనే ఇంటిముఖం చూసేవారు. అంటే ఆ ఊరు నిండుగా ఉండేదే చలికాలంలో. ఆస్ట్రేలియా రచయిత్రి చార్మియన్ క్లిఫ్ట్ 1954 చివర్లో భర్తనూ పిల్లల్నీ వెంటబెట్టుకుని అక్కడ దిగింది ఆ కాలంలోనే. 1956లో వచ్చిన ఆమె పుస్తకం 'మెర్మెయిడ్ సింగింగ్' అంత సందడిగా ఉందంటే, ఆమె చూసింది పర్యాటకుల దీవిని కాదు గనకే.

వద్దనేవారు: క్లిఫ్ట్ అక్కడ ఇల్లు అద్దెకు తీసుకుని నెలల తరబడి ఉంది. మీరు పంపాలనుకుంటున్నది వారం రోజులవాళ్లని. ఆ తేడా చిన్నదేం కాదు.

ఏజియన్ సముద్రంలో చలికాలం ముందు గాలి మాట, తర్వాతే టికెట్టు మాట. గాలి బోఫోర్ట్ కొలతలో 8కి చేరితే, అంటే గంటకు 60 కిలోమీటర్లు దాటితే, మామూలుగా పెద్ద ఓడలకే కట్టడి పడుతుంది. చిన్నవాటికీ, వేగంగా పోయే నౌకలకూ అంతకంటే ముందే. కట్టడి మరీ తరచుగా పెడుతున్నారని దీవులవాళ్లు గొణుక్కోవడం ఉంది. అయినా పెద్దగా ఎదురు చెప్పలేరు. 2000 సెప్టెంబరు 26 రాత్రి ఎక్స్‌ప్రెస్ సమీనా అనే ఓడ పారోస్ రేవు ముందరి పోర్తెస్ రాళ్లకు గుద్దుకుని మునిగిపోయింది. చనిపోయినవాళ్లు 80 మందికి పైనే. రేవు అంత దగ్గర్లో ఉండగానే.

ఇక సంక్రాంతి సెలవులు కలుపుకుని హైదరాబాద్ నుంచి వెళ్లే ఒక కుటుంబాన్ని అనుకోండి. వీసాకు తిరిగినన్ని రోజులు కూడా లేని సెలవు అది. అందులో సగం రోజులు నాక్సోస్ రేవు దగ్గర కాఫీ ముందు కూర్చుని, జెండా కొట్టుకునే తీరు చూస్తూ గడిచిపోతే ఆ ఖర్చుకు అర్థమేముంది?

వెళ్లమనేవారు: వేసవిలో మాత్రం గాలి లేదా? ఆగస్టులో వీచే మెల్తెమీ ఎన్ని ఓడల్ని ఆపలేదు! పైగా చలికాలమంతా తుఫానే అనుకోవడం ఏథెన్స్ దాటనివాళ్ల భయం. డిసెంబరు నడిమి నుంచి ఫిబ్రవరి లోపు, ఎక్కువగా జనవరిలో, గాలి పడిపోయి గోరువెచ్చని ఎండ కాసే రోజులు వస్తాయి. అల్కియోని రోజులంటారు వాటిని. మొగుడు ఓడతోపాటు మునిగిపోతే ఏడ్చి ఏడ్చి లకుముకి పిట్టగా మారిన అల్కియోని గుడ్లు పొదుక్కోవడానికి దేవతలు గాలిని ఆపారని కథ. అక్కడి లకుముకి పిట్ట జనవరిలో గుడ్లు పెట్టదు గానీ, ఆ ప్రశాంతమైన రోజులు మాత్రం నిజం.

దూరాలు పెట్టుకోకపోతే సరి. పారోస్ నుంచి నాక్సోస్ గంట లోపు. సిరోస్ నుంచి తీనోస్ అంతకంటే తక్కువ. పారోస్‌లోని పుంతా రేవు నుంచి ఆంటీపారోస్‌కు పది నిమిషాలు. మీలోస్ దీవి పొల్లోనియా నుంచి కిమోలోస్‌కు అరగంట పట్టదు. కాలిమ్నోస్‌లో మిర్తిఎస్ నుంచి ఎదురుగా కనపడే తెలెందోస్‌కు పడవ ఎక్కితే ఊపిరి పీల్చుకునేలోగా దిగాలి. సిరోస్‌లో బస పెట్టుకోండి. ఎర్మూపోలి దక్షిణ ఏజియన్ ప్రాంతానికి ముఖ్య పట్టణం. కోర్టులున్నాయి, ఆస్పత్రి ఉంది, 1861లో మొదలైన ఓడల యార్డు ఉంది, 1864లో కట్టిన అపోలో థియేటరు ఉంది. పర్యాటకుడు వచ్చినా రాకపోయినా అక్కడ బేకరీ తెరుస్తారు, చేపల బజారు నడుస్తుంది. నవంబరు నుంచి మార్చి దాకా నెలలో మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాలకు టికెట్టు కూడా లేదు.

వద్దనేవారు: సిరోస్ వరకు ఒప్పుకోవాల్సిందే. నాక్సోస్, పారోస్ కూడా బతికున్న ఊళ్లే. కానీ మీరు చెప్పిన ఆ పది నిమిషాల పడవలు విహారానికి పుట్టినవి కావు. కిమోలోస్ పడవలో ఉండేది మీలోస్‌కు రక్తపరీక్షకు వెళ్లే ముసలాయన, పని ముగించుకుని తిరిగొచ్చే ప్లంబరు. వేళలు వాళ్ల పనికి తగ్గట్టు ఉంటాయి. ఇంకా చిన్న దీవులకైతే సాయంత్రం దింపిన ఓడ మళ్లీ మర్నాడు తెల్లవారుజామునో, రెండు రోజులకో వస్తుంది. పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయడమన్నది వేసవి సుఖం.

దిగాక ఏముంది? మికొనోస్ పక్కన పురాతన దేలోస్ దీవి చలికాలం మూసేస్తారు. మికొనోస్, సాంతోరినిల్లో చాలా హోటళ్లకు తాళాలు. నిశ్శబ్దంగా ఉంటుందనుకుంటారేమో, అదీ ఉండదు. కొత్త గదులు కట్టేది, పాతవి పగలగొట్టేది ఆ నెలల్లోనే. కాంక్రీటు మిక్సరు, డ్రిల్లింగ్ మిషను, ఈస్టర్ దగ్గర పడ్డాక సున్నం బకెట్లు. ఇక చలి. సైక్లాడిస్ దీవుల పాత ఇళ్లు ఎండకూ గాలికీ కట్టినవి, చలికి కాదు. గోడలు మందం, కిటికీలు చిన్నవి, లోపలంతా చెమ్మ. బయట 13 డిగ్రీలున్నా గదిలో మాత్రం స్వెట్టరు మీద దుప్పటి కప్పుకోవాలి. వేసవి గదులకు హీటరే ఉండదు చాలాచోట్ల.

వెళ్లమనేవారు: ఆ చెమ్మా, ఆ సున్నం బకెట్లే కదా దీవి! వాటిని తీసేసి చూపించమంటే మళ్లీ కేలండర్ బొమ్మ దగ్గరికే వస్తారు.

ఖియోస్ దీవి దక్షిణాన మాస్టిక్ అనే చెట్టుబంక తీసే ఊళ్లున్నాయి, పిర్గి, మెస్తా లాంటివి. చెట్టుకు వేసవిలో గాటు పెడతారు. కారిన పాలు కింద చల్లిన తెల్లమట్టి మీద చుక్కలుగా గడ్డకడతాయి. అదంతా ఎండలో జరిగే పని, ఫొటోల్లో వచ్చేదీ అదే. అసలు ఓపిక మాత్రం చలికాలంలో కావాలి. ఇంట్లో బల్ల చుట్టూ ఆడవాళ్లు కూర్చుంటారు. జల్లెడ పట్టి, కడిగి, ఆరబెట్టిన బంక ముందు పోసుకుని, ఒక్కొక్క చుక్కనూ వేళ్లమధ్య పట్టుకుని, చిన్న కత్తిమొనతో అంటుకున్న మట్టినీ ఆకుతునకనూ గీకి తీస్తారు. ముత్యమంత చుక్క, దానికి గోరంత మచ్చ. వారాలు, నెలలు. 2014లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన విద్యలో సగం ఈ బల్ల దగ్గరే ఉంది. ఆగస్టులో వెళ్లినవాడికి అది ఎలా కనపడుతుంది?

లెస్వోస్‌లో అదే నెలల్లో ఆలివ్ చెట్ల కింద వలలు పరిచి ఉంటాయి. నవంబరు 21న అమోర్గోస్ కొండచరియకు అతుక్కున్న హోజొవియోతిస్సా మఠంలో మరియమ్మ పండగ. జనవరి 6న రేవు రేవునా పూజారి శిలువను నీళ్లలోకి విసురుతాడు, కుర్రాళ్లు ఆ చలిలోనే దూకి వెతుకుతారు. జనవరి 30న తీనోస్‌లో, 1823లో మరియమ్మ పటం దొరికిన రోజని ఊరేగింపు. ఆ తర్వాత కార్నివాల్లో స్కీరోస్ వీధుల్లో 'యేరోస్' వేషగాళ్లు మేకతోలు ముసుగేసుకుని, నడుముకు పదుల కిలోల గంటలు కట్టుకుని నడుస్తారు. వాళ్లకంటే ముందు గంటల మోతే సందు మలుపు తిరుగుతుంది.

(ఇంతదాకా వాదన వెళ్లేవాడి సుఖదుఃఖాల మీద నడిచింది. ఇక్కడి నుంచి ఓడ మీదికి మళ్లింది. మొదటే అక్కడికి రావాల్సింది.)

వద్దనేవారు: ఆ పండగలు గొప్పవే. అవి ఇంకా అలా ఉండటానికి కారణం, వాటిని చూడటానికి వచ్చేవాళ్లు తక్కువ కావడం కూడా. సరే, దాన్ని పక్కన పెడదాం. ఓడ గురించి మాట్లాడదాం.

అమోర్గోస్‌కూ నాక్సోస్‌కూ మధ్య దోనూసా, కూఫోనీసి, స్కినూసా, ఇరాక్లియా అని చిన్న దీవులున్నాయి. ఒక్కోదాంట్లో మహా అయితే కొన్ని వందల మంది, అంతే. వాటికి ఏళ్ల తరబడి దిక్కు స్కోపెలీతిస్ అనే చిన్న ఓడ. ఆ దారిలో టికెట్లతో ఇంధనం ఖర్చు కూడా తేలదు. అందుకే ప్రభుత్వం డబ్బిచ్చి నడిపిస్తుంది. పెద్ద ఓడ దీవికి వచ్చే తీరు చూడండి. వెనక్కి తిరిగి వచ్చి, ఇంజను ఆపకుండానే ఇనుప తలుపు గొలుసుల మీద దింపుతుంది. రేవు గోడకు అది తగిలీ తగలకముందే గ్యాస్ బండల లారీ రివర్సులో దిగుతుంది. దాని వెనక కూరగాయల పెట్టెలు, మీద మార్కరుతో ఇంటిపేరు రాసిన మందుల పార్సిలు, పెట్టె లాగుతూ టీచరమ్మ. కొద్ది నిమిషాల్లో తలుపు మళ్లీ పైకి. కొట్టువాడు తనకు రావాల్సింది దిగలేదని అరుస్తుండగానే ఓడ కదిలిపోతుంది.

చిన్న దీవికి డాక్టరంటే చదువవగానే గ్రామీణ సేవకు వచ్చిన కుర్రాడో అమ్మాయో ఒక్కరే. కాన్పు దగ్గర పడకముందే గర్భిణిని సిరోస్‌కో ఏథెన్స్‌కో పంపేస్తారు. నడిరాత్రి గుండెనొప్పి వస్తే హెలికాప్టరు, గాలి మరీ ఎక్కువైతే అదీ ఎగరదు, కోస్ట్‌గార్డ్ పడవే గతి. దీనికి తోడు ఓడలకు ఏడాదికోసారి జరగాల్సిన మరమ్మతు, తనిఖీ ఈ చలినెలల్లోనే పెట్టుకుంటారు. ఉన్న కాస్త రాకపోకలు ఇంకా పలచబడతాయి. అలాంటి ఓడను 'అనుభవం' కోసం ఎక్కడమేమిటి?

వెళ్లమనేవారు: ఓడ నిండి ఒకరిని దింపేసి మిమ్మల్ని ఎక్కించుకుంటే ఆ మాట నిజం. జనవరిలో డెక్కు మీద బల్లలు సగానికి సగం ఖాళీ. దీవివాసికి 2018 చట్టంతో వచ్చిన రవాణా సాయం ఉంది. సముద్రం దాటే ఖర్చు భూమ్మీద అంత దూరానికయ్యే ఖర్చుకు దగ్గరగా ఉండేలా ప్రభుత్వం తేడా డబ్బు తిరిగిస్తుంది. బయటివాడికి ఆ సాయం లేదు, నిండు ధర కడతాడు. నష్టాల దారిలో ఓడ నడవాలంటే నాలుగు టికెట్లు ఎక్కువ తెగితే మంచిదా, తక్కువ తెగితే మంచిదా?

ఇంకో లెక్క. ఆర్కి అనే చిన్న దీవిలో ఒక్కగానొక్క విద్యార్థి కోసం బడి నడిచిన రోజులున్నాయి. ఆ పిల్లాడి కోసం ప్రభుత్వం టీచరును పంపింది, అది ఆ దేశానికి గౌరవం. క్రీట్‌కూ పెలొపొనీస్‌కూ మధ్యనున్న ఆంటీకితిరా అయితే పిల్లలున్న కుటుంబాలు వచ్చి స్థిరపడితే నెలనెలా డబ్బిస్తామని పిలిచింది. జనం ఎందుకు పోతున్నారు? ఆరు నెలలు పని, ఆరు నెలలు ఖాళీ. వేసవిలో హోటల్లో పనిచేసినవాళ్లు శరత్కాలం రాగానే నిరుద్యోగ భృతికి దరఖాస్తు పెట్టుకుంటారు. అది కొన్ని నెలలే. ఆ తర్వాత? ఒక కాఫీ హోటలు, ఒక నాలుగు గదుల లాడ్జి నవంబరు దాటి కూడా తెరిచి ఉంచగలిగితే ఒక కుటుంబం ఆగుతుంది. కుటుంబం ఆగితే బడిలో ఇద్దరు పిల్లలు.

వద్దనేవారు: ఇక్కడే మీ మంచితనం తిరగబడుతుంది. ఆ టీచరమ్మ ఎక్కడుంటోంది? అక్టోబరులో ఎవరి పర్యాటక గదో అద్దెకు తీసుకుంటుంది. బడి ఇంకా నడుస్తుండగానే, ఏప్రిలో మేనో రాగానే ఖాళీ చేయమంటారు. డాక్టర్లకూ, నర్సులకూ, పోలీసులకూ ఇదే బాధ. పేరున్న దీవుల్లో ఇది ఏటా వినే గోడు. ఆ గదులు వాళ్లకు దొరికేది చలికాలంలోనే, పర్యాటకుడు రాని నెలల్లోనే. పన్నెండు నెలలూ పర్యాటకమంటే ఆ కాస్త నీడ కూడా పోతుంది. మీరు నిలబెడతానంటున్న బడికి టీచరే ఉండరు.

ప్రభుత్వానికి ఆ ఆశ లేదనుకోకండి. 2025 జూలై నుంచి క్రూయిజ్ ఓడలో వచ్చి సాంతోరినిలోనో మికొనోస్‌లోనో దిగే ప్రతి మనిషికీ నడివేసవిలో 20 యూరోల రుసుము. నవంబరు నుంచి మార్చి దాకా 4 యూరోలే. హోటల్ గదుల మీద వేసే రుసుమూ చలికాలంలో తక్కువ. వేసవి రద్దీని తగ్గించే మందు అంటారు. తగ్గించడమా, సాగదీయడమా?

ఏడు నెలలు వారానికి ఏడు రోజులు నవ్వుతూ నిలబడిన మనిషికి, ఎవరికీ నవ్వు చూపించనవసరంలేని నెలలు కొన్ని కావాలి. ఆ హక్కును ఏ లెక్కలో వేస్తారు?

వెళ్లమనేవారు: సాంతోరిని విషయంలో మీతో తగువు లేదు. అక్కడికి చలికాలంలో ఇంకొక్కరిని కూడా పంపనక్కర్లేదు. టీచర్ల ఇళ్ల సంగతీ నిజమే. దానికి ప్రభుత్వం గదులు కట్టాలి, పర్యాటకుణ్ణి ఆపితే తీరదు. క్రూయిజ్ గుంపును, భుజాన సంచితో దిగే ఇద్దరిని ఒకే గాట కడుతున్నారు మీరు. లెస్వోస్ లాంటి పెద్ద దీవిలో జనవరిలో నలుగురు కొత్తవాళ్లు తిరిగితే అద్దెలు పెరగవు.

వద్దనేవారు: సాంతోరిని పేరు ఎత్తారు గనక ఆ దీవే చెప్పిన ఇంకో పాఠం ఉంది. 2025 జనవరి చివర మొదలై ఫిబ్రవరి అంతా ఆ సముద్రం కింద వేల సార్లు భూమి కంపించింది. సాంతోరిని, అమోర్గోస్, ఇయోస్, అనాఫి దీవుల్లో బళ్లు మూశారు. పది వేల మందికి పైగా ఓడల్లో, విమానాల్లో సాంతోరిని వదిలిపోయారు. అదనపు ఓడలు పెట్టాల్సొచ్చింది. పెద్ద నష్టం లేకుండా జరిగిందంటే, అది ఫిబ్రవరి గనక. అదే దీవి మీద ఆగస్టంత జనం ఉండి ఉంటే?

వెళ్లమనేవారు: అది ఆగస్టు మీద ఫిర్యాదు, ఫిబ్రవరి మీద కాదు. పైగా ఆ వారాల్లో అమోర్గోస్ మీదికి ఎవరి కన్నూ పోలేదు. వార్తలన్నీ సాంతోరిని చుట్టూనే. చిన్న దీవి కష్టంలో ఉందని ప్రపంచానికి తెలియాలంటే, దాన్ని వేసవి బొమ్మగా కాక ఊరుగా చూసినవాళ్లు కొందరుండాలి.

వద్దనేవారు: సరే, వెళ్లండి. ఒక్క షరతు: తిరుగు టికెట్టుకు తేదీ పెట్టుకోకుండా వెళ్లాలి. గాలి ఎన్నాళ్లు ఆపితే అన్నాళ్లు ఉండి, ఓడలో జాగా లేదంటే వెనక్కి తగ్గాలి. అలా వెళ్లగలిగేవాళ్లు ఎందరు?

వెళ్లమనేవారు: చాలా తక్కువమంది. మిగతావాళ్లు సిరోస్‌లో దిగి, ఎండ కాసిన రోజు తీనోస్ చూసి రావచ్చు.

వద్దనేవారు: అలాగైతే సిరోస్ చాలు. దోనూసా జోలికి ఎందుకు?

వెళ్లమనేవారు: ఆ మాట చెప్పాల్సింది మీరూ కాదు, ఏథెన్స్ మంత్రీ కాదు. దోనూసాలో చలికాలం కూడా కొట్టు తెరిచి కూర్చునే మనిషిని అడగాలి.

వద్దనేవారు: అడిగితే ముందు డాక్టరు కావాలంటాడు, తర్వాత ఓడ కావాలంటాడు. పర్యాటకుడు మూడో మాట.

వెళ్లమనేవారు: మూడో మాటగానైనా అడుగుతాడు కదా.